రేడియేటర్‌లో బోరు నీళ్లు

మా కారుకు పదిహేడేళ్లు. చిన్న కారు. నలుగురం సర్దుకుని కూర్చుంటే ఐదో మనిషి బస్సు చూసుకోవాల్సిందే. స్టాఫ్ రూములో అందరూ కొత్త బండ్లు కొన్నారు. "కృపాకర్ సార్ బండి మ్యూజియంల పెట్టాలె" అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. సూర్యాపేట నుంచి నడిగూడెం హైస్కూలుకు రోజూ పోయిరావడమే నా పని. ఇన్నేళ్లలో ఆ బండి నన్ను దారిలో వదిలేసింది ఒక్కసారే. మిగతా రోజులన్నీ వదిలేయకుండా చూసినవాడు మంగ్త్యా.

మంగ్త్యాది ఆత్మకూర్ దగ్గర లంబాడీ తండా. జనగాం రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని పద్నాలుగేళ్లుగా నా కారు చూస్తున్నాడు. బానెట్ ఎత్తకముందే ఓ నిమిషం చెవి పెట్టి వినేవాడు. పాత సామాను తీసి కొత్తది బిగిస్తే, తీసినదాన్ని గుడ్డలో చుట్టి మరీ నా చేతికిచ్చేవాడు. నేను ఎప్పుడూ అడగలేదు, అది అతని పద్ధతి. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు బండి చూపించాల్సి వచ్చినప్పుడు రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. ఆఫీసరు చుట్టూ తిరిగి చూసి "బాగనే ఉంచిన్రు" అన్నప్పుడు నాకంటే ఎక్కువ సంతోషపడింది అతనే.

నాకో ఆదివారం అలవాటు ఉంది. చర్చి నుంచి రాగానే బట్టలు మార్చుకుని, బానెట్ ఎత్తి, ఆయిల్ చూసి, రేడియేటర్ మూత తీసి చెంబెడు నీళ్లు పోసేవాణ్ని. మా ఇంటి బోరు నీళ్లే. బండిని కన్నబిడ్డలా చూసుకుంటున్నానని లోలోపల గర్వం కూడా ఉండేది. మంగ్త్యా ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు.

"పచ్చది పొయ్యాలె సార్, కూలెంట్. డబ్బ ఇస్త, ఇంటికాడ పెట్టుకోండ్రి. బోరు నీళ్లు వద్దు."

"నువ్వు స్పానర్ పట్టుకో మంగ్త్యా. సైన్స్ నేను చెప్త" అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వేసి ఊరుకున్నాడు.

మొన్న ఏప్రిల్‌లో మా ఆవిడ స్వప్న మేనకోడలి నిశ్చితార్థానికి మిర్యాలగూడ బయల్దేరాం. ఊరు దగ్గర పడుతుండగా ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సుమని లేచింది. పట్టుచీరలో స్వప్న, ఒళ్లో పండ్ల పళ్లెంతో, ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన నిలబడింది. ట్రాక్టరుకు తాడు కట్టి బండిని రైస్ మిల్లుల వెనకున్న ఒక షెడ్డుకు లాగించాను. మేం వెళ్లేసరికి ఉంగరాలు మార్చుకోవడం అయిపోయింది, భోజనాలు కూడా సగానికొచ్చాయి. స్వప్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ షెడ్డతను రేడియేటర్ విప్పి, పైకి కిందికి చూసి తీర్పు చెప్పేశాడు.

"ఇది మీ బండిది కాద్సార్. మంచిది ఊడబీకి ఎవడో పాతది తగిలిచ్చిండు. ఎవనికాడ చేపిస్తరు?"

పేరు చెప్పాను. "ఆఁ, గదే మరి" అన్నాడు. ఆ రెండు మాటల వెనక ఏముందో నాకు తెలుసు. తెలిసి కూడా తలూపాను. కొత్త రేడియేటర్ వేయించి, పాతదాన్ని సాక్ష్యంగా డిక్కీలో పడేసుకుని, సూర్యాపేట చేరేదాకా దారి పొడవునా కోపాన్ని కాచుకుంటూ వచ్చాను. నాకు కోపం వస్తే కళ్లు కనపడవు. అదేదో గొప్ప సంగతి అన్నట్టు చెప్పుకునేవాణ్ని కూడా.

మంగ్త్యా ఒక పసుపు వ్యాను కింద పడుకుని పనిచేస్తున్నాడు. ఒక ప్రైవేటు బడి వ్యాన్లు ఏడు, రెండు నెలల కిందటే అతని చేతికి వచ్చాయి. వాటిని నమ్ముకుని ఇద్దరు పనివాళ్లను పెట్టుకున్నాడు, పక్క జాగా కూడా కిరాయికి తీసుకున్నాడు. ఆ బడి కరెస్పాండెంట్ మల్సూర్ అక్కడే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. నేను ఎవరినీ చూడలేదు. డిక్కీ తెరిచి రేడియేటర్ తీసి మంగ్త్యా కాళ్ల ముందు విసిరేశాను.

"మంచిది పీకి తుప్పుది పెడ్తవా? ఎవనికమ్మినవ్ దాన్ని?"

అతను లేచి నిలబడ్డాడు. "నేను దాన్ని ఇప్పనే లేదు సార్. మొన్న పైపులు మార్చిన, గంతే. తీసిన పైపులు మీకే ఇస్తి గద."

ఆ మాటతోనైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు. "తండా బుద్ధి ఏడికి పోతది!" అన్నాను.

అన్నది నేను. మత్తయ్య కొడుకును. మా నాయన ఊళ్లో పెద్ద రైతు దగ్గర జీతం ఉన్నప్పుడు, కొట్టంలో తాడు పోయినా గంప పోయినా ముందు మా వాడకే కబురొచ్చేది. మా నాయన కండువా చేతబట్టుకుని వాకిట్లో నిలబడితే, నేను మా అమ్మ వెనక దాక్కుని చూసేవాణ్ని. ఆ నిలబడటం ఎలాంటిదో సూర్యాపేట మొత్తంలో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? అయినా నా నోటి నుంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మంగ్త్యా వంగి రేడియేటర్ ఎత్తి, మట్టి తుడిచి, మళ్లీ నా డిక్కీలో పెట్టాడు. "తీస్కపోండ్రి సార్" అన్నాడు. మల్సూర్ టీ సగంలో వదిలేసి లేచాడు. వారం తిరిగేసరికి ఏడు వ్యాన్లూ వేరే షెడ్డుకు మారాయని విన్నాను. తగిన శాస్తి జరిగిందనుకున్నాను.

ఆగస్టులో స్వప్న పట్టుబట్టింది. "ఆ ఇనుపముక్కను ఎన్ని దినాలు మోస్తవ్? బియ్యం బస్తా పెడదామంటే జాగ లేదు." పాతసామానుకు ఇచ్చేద్దామని బడి వదిలాక కోదాడలో రేడియేటర్లు బాగుచేసే సైదయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని కోసి, వెలుతురుకు పట్టి నాకు చూపించాడు. లోపలి గొట్టాలన్నీ తెల్లగా, గట్టిగా పూడుకుపోయి ఉన్నాయి.

"ఎవరో మార్చేశారన్నారు" అన్నాను.

"ఎవరండీ ఆ చెప్పింది? ఇది బండితో పాటు వచ్చిందే. ఇదిగో, నెల, సంవత్సరం ముద్ర కొట్టి ఉంది చూడండి." ముద్రలోని సంవత్సరం నేను కారు కొన్న సంవత్సరమే. "బోరు నీళ్లు పోసినట్టున్నారు. మనవైపు నీళ్లలో సున్నమే కదండీ ఉండేది. మీకెవరూ చెప్పలేదా?"

చెప్పారు. ఇరవై ఆరేళ్లుగా నేను కూడా చెబుతూనే ఉన్నాను, తొమ్మిదో తరగతి పిల్లలకు, కఠిన జలం పాఠం. బోర్డు మీద బాయిలర్ బొమ్మ గీసి, లోపలి గోడకు పొర ఎలా కడుతుందో సుద్దముక్కతో దిద్ది మరీ చూపిస్తాను. ఆదివారం చెంబు పట్టుకున్నప్పుడు ఆ పాఠం ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఆ సాయంత్రమే మంగ్త్యా షెడ్డుకు వెళ్లాను. పనివాళ్లు లేరు. పక్క జాగాకు వేరే తాళం వేలాడుతోంది. ఉన్నదల్లా ఒక పాత ఆటో. కోసిన రేడియేటర్ చూపించి, సైదయ్య చెప్పిందంతా చెప్పి, "తప్పు నాది మంగ్త్యా. ఆ మాట నేను అనొద్దు. మాఫ్ చెయ్యి" అన్నాను.

అతను రేడియేటర్ వైపు చూశాడు గాని ముట్టుకోలేదు. "నాకెందుకు చెప్తున్నరు సార్? నేను తియ్యలేదని నాకెరుకనే. ఆ దినం ఇన్నోల్లకు చెప్పుండ్రి."

న్యాయమైన మాట. మర్నాడు బడికి సెలవు పెట్టి మల్సూర్ దగ్గరికి పోయాను. కోసిన రేడియేటర్‌ను ఆయన టేబుల్ మీదే పెట్టి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, టీ తెప్పించాడు.

"మీరు మంచోల్లు సార్. వానికి పని లేదని జాలిపడి వచ్చిన్రు. గిది కాకుంటె ఇంకోటి తీసుంటడు. మీ అసుంటి పెద్దమనిషి ఉత్తగనే అంటడా?"

"ఉత్తగనే అన్న!" అని అరిచాను. "ఏం తెల్వకుండనే అన్న! నాది తప్పు అంటున్న గద!"

"కూసోండ్రి సార్, పరేషాన్ గాకుండ్రి" అని నవ్వాడు. నా తిట్టును సాక్ష్యంగా పట్టుకున్న మనిషి నా సాక్ష్యాన్ని మర్యాద కింద కొట్టేశాడు. ఎంతసేపు మొత్తుకున్నా ఆ నవ్వు చెదరలేదు. టీ ముట్టకుండా లేచి వచ్చాను.

నేరుగా షెడ్డుకు వెళ్లాను. మంగ్త్యా ఆటో చక్రం బిగిస్తున్నాడు. "నమ్మలేదు" అన్నాను. ఆపుకోలేక మల్సూర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. కళ్లెదుట రుజువు పెట్టినా చూడని మూర్ఖుడన్నాను. మనిషిని మనిషిగా చూడటం రాదన్నాను. మంగ్త్యా ఆఖరి నట్టు బిగించాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"ఆయన్నెందుకు తిడ్తరు సార్? ఆయన నన్ను సూసింది రెండు నెలలే. పద్నాలుగేండ్లు సూసినోల్లు, మీరే నన్ను దొంగ అని నమ్మిన్రు గద."