పన్ను లేని ఇల్లు

ఇంటి పన్ను వేయండి మహాప్రభో అని బల్దియా ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు చేసిన మనిషి తార్నాక మొత్తానికి ఒక్కడే ఉంటాడు. ఆయన పేరు ఇమ్మానుయేలు. పన్ను తగ్గించమని కాళ్లావేళ్లా పడేవాళ్లకు అలవాటుపడ్డ గుమాస్తాలు ఈయన్ని చూసి ముందు నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి ఆయన కనిపిస్తే చాలు టీకి లేచిపోవడం మొదలుపెట్టారు.

తప్పు ఆయనదే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. బాపట్ల నుంచి వచ్చి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తాగా చేసి, యూనివర్సిటీ గోడ వెనక సందులో ఇల్లు కట్టుకున్నాడు. కింద హాలు, రెండు గదులు, వంటిల్లు. డాబా మీద సిమెంటు రేకుల గది. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన భార్య ప్రమీల హాల్లో ప్రార్థన నడిపేది. మెట్టుగూడ నుంచీ మౌలాలి నుంచీ ఆడవాళ్లు వచ్చేవారు. ప్రార్థన జరిగే చోటికి పన్ను ఉండదని ఎవరో ఆయన చెవిన వేశారు. హాలు ఒక్కదానికే అడిగి ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఆశ లావు, పీక సన్నం. కింది భాగమంతా మందిరమేననీ, తాము పై గదిలో ఉంటున్నామనీ రాసిచ్చాడు.

మినహాయింపు వచ్చింది. దాని వెనకే షరతులూ వచ్చాయి. కింద ఎవరూ కాపురం ఉండకూడదు. పొద్దున తీసిన తలుపు చీకటి పడేదాకా ఎవరికీ మూయకూడదు. బయట బోర్డు ఉండాలి. ఆ బోర్డు ఇమ్మానుయేలే స్వయంగా రాశాడు: "ఇది దేవుని ఇల్లు. ఎవరైనా రావచ్చు."

ఎవరైనా వచ్చారు. ఎండకు తాళలేని కూరగాయల సాలమ్మ మధ్యాహ్నం కునుకు తీయడానికి వచ్చేది. ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి ఆటోవాళ్లు వచ్చేవారు. క్యాంపస్ కుర్రాళ్లు మంచినీళ్లకని వచ్చి, ఫ్యాను కింద పుస్తకాలు పరుచుకునేవారు. ఇంటాయన మాత్రం తన ఇంట్లోకి తానే చుట్టంలా వచ్చి పోయేవాడు. తనిఖీ ఎప్పుడొస్తుందో తెలియక భార్యాభర్తలు కొన్నాళ్లు దొంగచాటుగా కింద పడుకున్నారు. ఆ భయం పడలేక మంచాలు నిజంగానే పైకి మార్చేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ప్రమీల అప్పుడే అంది.

అప్పట్లో నవ్వుతూనే అంది. మోకాళ్లు పాడయ్యాక నవ్వడం మానేసింది. దసరాకి పైకెక్కిన మనిషి క్రిస్మస్‌కి కూడా కిందికి దిగలేదు. దిగితే మళ్లీ ఎక్కలేదు, ఎక్కించే ఓపిక ఇమ్మానుయేలుకీ లేదు. ఆదివారం కింద పాట మొదలైతే పైనుంచి గొంతు కలిపేది. ఆ గొంతు విన్నప్పుడల్లా ఇమ్మానుయేలుకు తన మీద తనకే అసహ్యం వేసేది. ఆమెను కిందికి తేవాలి. దానికి కింది భాగం మళ్లీ ఇల్లు కావాలి. ఇల్లు కావాలంటే దానికి పన్ను పడాలి.

మినహాయింపు రద్దు చేయమంటే ఆఫీసులో ఒకాయన అబద్ధం చెప్పానని ఒప్పుకొమ్మన్నాడు. ఇంకొకాయన అలాంటి దరఖాస్తే లేదు పొమ్మన్నాడు. చివరికి ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్ వీరస్వామికి జాలి కలిగింది.

"ప్రార్థనలు బందయినయని రాస్త సార్. కానీ నేనొచ్చేసరికి అది ఇల్లు లెక్క కనవడాలె. బోర్డు తీసెయ్యండ్రి, మంచం వెయ్యండ్రి. కండ్లతోటి చూస్తేనే నా చెయ్యి రాస్తది."

అవి క్యాంపస్ ఉడికిపోతున్న రోజులు. తెలంగాణ ఇస్తామని డిసెంబరులో చెప్పిన ఢిల్లీ, పక్షం తిరిగేసరికి నాలుక మడతేసింది. అప్పటినుంచీ ఊరేగింపులు, లాఠీలు, కళ్లు మండించే పొగ. ఇమ్మానుయేలు ఆ గొడవలో ఎటూ లేడు. ఆంధ్రా నుంచి వచ్చినవాడు, నోరు మూసుకుని ఉంటే చాలనుకునే రకం. వీరస్వామి వస్తానన్న ఫిబ్రవరి పొద్దున బోర్డు ఊడదీసి తలుపు వెనక గోడకు తిప్పి పెట్టాడు. హాలు మధ్యలో మంచం వేశాడు. పైనుంచి ప్రమీల కొత్త దుప్పటి పంపింది. ఆ దుప్పటి పరుస్తుంటే చాలా రోజుల తర్వాత ఆయనకు ప్రాణం హాయిగా అనిపించింది.

వీరస్వామి వచ్చాడు, మంచం చూశాడు, తల ఊపాడు. సంచిలోంచి కాగితం తీసి పెన్ను మూత తీశాడు. అప్పుడే గోడ అవతల ఢాం ఢాం అని పేలుళ్లు వినిపించాయి. సందంతా పొగ. ఐదారుగురు కుర్రాళ్లు దగ్గుతూ పరుగెత్తుకొచ్చి నేరుగా హాల్లోకి దూరారు. వాళ్లకు ఆ తలుపు ఎప్పుడూ తెరిచి ఉండే తలుపే కదా, బోర్డు ఉందా లేదా అని చూసేంత తీరిక ఎవరికుంది? వాళ్లలో సామేలనే నల్గొండ కుర్రాడికి తల పగిలింది. కూర్చోబెట్టడానికి కనిపించింది మంచం ఒక్కటే.

వెనకే ఎస్సై వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. అంతకు ముందురోజే ఒక గుళ్లోకి బూట్లతో పోయి పైఅధికారుల చేత చీవాట్లు తిన్నాడు పాపం. లోపలికి చూసి, మంచం చూసి, ఇమ్మానుయేలును చూశాడు.

"గీడ చర్చి ఉండె కదా పెద్దాయనా? బోర్డేది?"

ఇమ్మానుయేలు వీరస్వామి చేతిలోని పెన్ను వంక చూశాడు.

"ఇల్లేనా? ఇల్లయితే మంచిగైంది. చెప్పకుంట ఇంట్ల జొరబడ్డరని ఒక్క ముక్క రాసియ్యండ్రి, వీళ్లను ఎక్కించుకపోత. మీరు ఆంధ్ర నుంచి వచ్చినోళ్లు, మీకెందుకు ఈ లొల్లి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇల్లే అంటే చాలు. అటు వీరస్వామి పెన్ను కదులుతుంది, ఇటు ప్రమీల సాయంత్రానికి కిందికి వస్తుంది. నెలల తరబడి ఏ మాట చెప్పుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగాడో, ఆ మాటే ఎస్సై బతిమాలి మరీ అడుగుతున్నాడు. చెప్పేద్దామనే నోరు తెరిచాడు కూడా. అబద్ధం కాదు కదా, నిజమే కదా అనుకున్నాడు.

మంచం మీద సామేలు మెల్లగా లేవబోయాడు. "అంకుల్, దుప్పటి ఖరాబైతున్నది," అన్నాడు. నెత్తురు కారుతున్న తలను పట్టుకుని, దుప్పటికి అంటకుండా కిందికి జరుగుతున్నాడు.

ఇమ్మానుయేలు వాడి భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టాడు. తలుపు వెనక్కి వెళ్లి బోర్డు తీశాడు. దుమ్ము దులిపి, బయట మేకుకు తగిలించాడు.

"కడగడానికి తీశానండీ. మందిరమే. వీళ్లు ప్రార్థనకి వచ్చారు."

ఎస్సై నవ్వాడు. "అట్లనా? అయితే ప్రార్థన కానియ్యండ్రి. నేను గూడ వింట."

ఇదీ అసలు చిక్కు. మందిరం పేరుతో ఇంతకాలం పన్ను ఎగ్గొట్టిన ఇమ్మానుయేలు, పుట్టి బుద్ధెరిగాక గొంతెత్తి ప్రార్థన చేసిన పాపాన పోలేదు. ఆ పనంతా ప్రమీలదే. కుర్రాళ్లు చేతులు కట్టుకున్నారు. ఆయన కళ్లు మూసుకుని, దేవా, అన్నాడు. తర్వాతి మాట రాలేదు. మళ్లీ దేవా అన్నాడు. ఎస్సై లాఠీతో ప్యాంటు మీద తట్టుకుంటున్నాడు.

వెనక మెట్ల మీద చప్పుడైంది. ప్రమీల దిగుతోంది. నిలబడి కాదు. మెట్టు మీద కూర్చుని, చేతులతో ఒళ్లు ఎత్తి కింది మెట్టు మీదికి జారి, అక్కడ కాసేపు పళ్లు బిగబట్టి, మళ్లీ జారుతూ. ఇమ్మానుయేలు పరుగెత్తబోతే చేత్తోనే ఆగమంది. గోడ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి ఆమె మొహమంతా చెమట.

"మా ఆయనకి గొంతు బాగోలేదు నాయనా," అంది ఎస్సైతో, మంచం మీద సామేలు పక్కన కూర్చుంటూ. తల మీద కొంగు కప్పుకుంది.

"దేవా, వీళ్లని పొద్దున వీళ్ల తల్లులు ఎలా పంపారో అలాగే ఇంటికి చేర్చు. ఎండల్లో నిలబడి నిలబడి ఈ పోలీసు బాబు కాళ్లు ఎంత లాగుతున్నాయో నీకు తెలుసు. కాళ్ల నొప్పి ఎలా ఉంటుందో నాకూ తెలుసు. ఆయనకీ కాస్త నీడ చూపించు. ఎవరి ఇంట్లో వాళ్లని చల్లగా ఉండనివ్వు."

ఒక కుర్రాడు అలవాటుకొద్దీ "జై" అని, సామేలు మోచేత్తో పొడిస్తే "ఆమెన్" అని సర్దుకున్నాడు. ఎస్సై టోపీ ఎప్పుడు తీశాడో ఎవరూ చూడలేదు.

కానీ పోలీసు పోలీసే. పోతూ పోతూ పేర్లు రాసుకున్నాడు. రాళ్లు రువ్విన కేసు ఉన్నదనీ, తాను వచ్చేసరికి వీళ్లు ఫలానా మందిరంలో ప్రార్థనలో ఉన్నారనీ రాసి, ఇమ్మానుయేలు చేత సంతకం పెట్టించాడు. సాక్షిగా సర్కారు మనిషి ఉంటే మంచిదని వీరస్వామి చేత కూడా పెట్టించాడు. గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ని ఉంచి వెళ్లిపోయాడు.

వీరస్వామి తన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"సార్, ఇప్పుడు ఇల్లని ఎట్ల రాయాలె? మందిరమని గిప్పుడే దస్కత్ పెట్టిన. రెండు కాయిదాలు ఎదురెదురైతే పిల్లలు ఇరుక్కుంటరు. మీరూ, నేనూ ఇరుక్కుంటం. కేసు నడిచినన్ని దినాలు పోలీసులొచ్చి చూస్తనే ఉంటరు. కింద ఎవ్వరూ ఉండొద్దు."

"కేసు ఎప్పుడు పోతుందండీ?"

"గీ కేసులన్నీ ఒక్కపారే ఎత్తేస్తరంటున్నరు," అన్నాడు వీరస్వామి. "తెలంగాణ వచ్చినంక."

ప్రమీల కింది గదులన్నీ ఒకసారి కలయజూసింది. వంటిల్లు గుమ్మం దాకా నడిచి, పాత గట్టును చేత్తో తడిమి వచ్చింది. తర్వాత ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కుర్రాళ్లను పిలిచింది.

"పైకి చేర్చండి నాయనా."

"ఉండు ప్రమీలా, సాయంత్రం దాకానైనా ఉండు," అన్నాడు ఇమ్మానుయేలు.

"గేటు దగ్గర మనిషున్నాడండీ. వీళ్లున్నప్పుడే ఎక్కాలి. తర్వాత మీరు మొయ్యలేరు."

కుర్రాళ్లు కుర్చీని నాలుగు పక్కలా పట్టుకుని, తమను కాపాడిన తల్లిని ఎక్కడా కుదుపు తగలకుండా, ఎంతో మురిపెంగా తీసుకెళ్లి మళ్లీ ఆ రేకుల గదిలోనే దించారు. "నీ మందిరం చల్లగుండాలె అమ్మా," అన్నాడు సామేలు. ఇమ్మానుయేలు కింద నిలబడి, మెట్ల గోడకు తల ఆనించి ఏడ్చాడు.

ఆ తర్వాత ఆ సందులో ఊరేగింపు పోయిన ప్రతిసారీ ఒక ముసలాయన గేటు దాకా వచ్చి, కుర్రాళ్లను ఆపి, తెలంగాణ ఎప్పుడొస్తుందని అడిగేవాడు. వాళ్లలో చాలామందికి అప్పుడప్పుడు విసుగొచ్చేది, నీరసం వచ్చేది, ఇక రాదేమో అనిపించేది. ఆయనకు మాత్రం ఒక్కనాడూ అలా అనిపించలేదు. యూనివర్సిటీ గోడ వెనక బతుకుతున్న ఆ బాపట్ల మనిషి ఎదురుచూసినంతగా తెలంగాణ కోసం ఇంకెవరైనా ఎదురుచూశారా అంటే చెప్పడం కష్టం.

"ఏమంటున్నారండీ?" అని పైనుంచి ప్రమీల అడిగేది.

ఇమ్మానుయేలు మెట్ల దగ్గరికి వచ్చి తల పైకెత్తేవాడు.

"వస్తదంట," అనేవాడు. తన నోట ఆ మాట ఆ యాసలో వస్తోందని కూడా ఆయనకు తెలిసేది కాదు.