ఆల్చె భయానికి పేరు

తెల్లారగానే ఆల్చె గాలిమరలోకి వెనక తలుపు నుంచే వెళ్ళేది. రెక్కలు తిరిగేది ముందువైపు. పెళ్ళయి మూడేళ్ళయినా అటు అడుగు పెట్టలేదు. మర తిప్పే పని మొగుడు వీబెది, పిండి బస్తాలకెత్తే పని ఈమెది.

ఆ ఊళ్ళో ఎవరికి ఏ భయమున్నా వీబె పెద్దమ్మ ఫ్రౌక్యె దగ్గరికి వచ్చేవారు. ఆవిడ భయానికి పేరు పెట్టి, సుద్దతో మర రెక్కకి కట్టిన గుడ్డ మీద రాసేది. పేరు సరైనదైతే సుద్ద నిలిచేది. సాయంత్రానికి గాలికి పేరూ పోయేది, భయమూ పోయేది. గుండీలు చూసి వణికే దర్జీకి 'గుండీదడ', పాల మీద మీగడ చూస్తే పారిపోయే పాస్టరుగారికి 'మీగడబెదురు'. రాలిన భయం పిండిలో పడేదేమో, ఆ వారం రొట్టె కాస్త పుల్లగా ఉండేది. జనం వెన్న ఇంకొంచెం రాసుకుని తినేవారు.

వీబె నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. శనివారానికల్లా మర తిరక్కపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని, ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలని మర యజమాని కబురు పెట్టాడు. శనివారం రానే వచ్చింది. రెక్కలంటే హడలిపోయే ఆల్చె తప్ప మర తిప్పేవాళ్ళు లేరు.

"రెక్కలభయం అని రాశా, రాలిపోయింది. మరదడ అని రాశా, అదీ అంతే," అంది ఫ్రౌక్యె చేతులు దులుపుకుంటూ. "నీ భయం ఏమిటో సరిగ్గా చెప్పవే తల్లీ. లోపల వాడి మూలుగు, బయట నీ నసుగుడు!"

ఆల్చె గోడ చాటు నుంచే అంది: "పోయే రెక్కంటే ఏం లేదు అత్తయ్యా. వచ్చే రెక్కంటేనే భయం."

ఫ్రౌక్యె సుద్ద ఆపింది. వాళ్ళుండే ఫ్రీస్లాండ్‌లో కిందికి దిగే రెక్క నిట్టనిలువుకి రాకముందే మర ఆపితే ఆ ఇంటికి సంతోషం వస్తున్నట్టు. నిలువు దాటాక ఆపితే ఎవరో పోయినట్టు. దూరం నుంచే ఊరంతా చూసి తెలుసుకుంటుంది.

"మా చెల్లి పుట్టినప్పుడు మర అలా ముందే ఆపారు. నేను ఒకటే గంతులు," అంది ఆల్చె. "వారం తిరక్కుండానే నిలువు దాటించి ఆపారు. చెల్లికే."

ఫ్రౌక్యె 'రాకభయం' అని రాసింది. సుద్ద నిలిచింది.

ఆల్చె వెనక్కి వెళ్ళి బ్రేకు తాడు లాగి రెక్కలు వదిలింది. పగలంతా పిండి పడింది. సాయంత్రం మళ్ళీ తాడు లాగి ఆపింది. మర ఆపడం ఆమెకదే మొదలు. తాడు ఇటు, రెక్కలు అటు. ఎక్కడ ఆగాయో చూసుకోలేదు.

కాసేపటికి నల్లబట్టలు వేసుకుని ఊరు ఊరంతా వచ్చింది. యజమాని టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"వీబె ఎప్పుడు పోయాడమ్మా? ఎంత మంచివాడు!" అన్నాడు దర్జీ.

"ఆ మాటేదో బతికుండగా అనకూడదట్రా!" లోపల్నుంచి అరిచాడు వీబె.

ఆల్చె ముందువైపుకి పరిగెత్తింది. రెక్క నిలువు దాటి ఆగుంది. గుడ్డ మీద ఒక్క అక్షరం లేదు. ఆమె అక్కడే నిలబడి, వెనక తాడు దగ్గరున్న ఫ్రౌక్యెకి కేకేసింది.

"వదలండి అత్తయ్యా! రానివ్వండి... రానివ్వండి... ఇప్పుడు ఆపండి!"

పై రెక్క చుట్టూ తిరిగి ఆమె వైపే దిగి వచ్చింది. నిలువుకి జానెడు ముందు ఆగింది. ఆల్చె కదల్లేదు.

యజమాని తలుపులోంచి బస్తాల కేసి చూశాడు. వేరే మనిషి మాట ఎత్తలేదు. టోపీ పెట్టుకుంటూ, "ఇంతకీ ఏమిటమ్మా సంతోషం?" అన్నాడు.

"నాకూ తెలీదండి," అంది ఆల్చె రెక్క మీద చెయ్యి వేసి. "రానివ్వండి, చూద్దాం."