గెడ్డకు దిగువన

మన్యంలో పితూరీ అణిగిన మరుసటి ఏడు, వానలు మొదలైన రోజుల్లో, అనంతగిరి పైనున్న గుమ్మవలసలో వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. సంతకు వెళ్ళొచ్చిన ఒక మనిషితో మొదలై ఇల్లిల్లూ తిరిగాయి. ఆ ఊరి గాసి భార్య కూడా పోయింది.

చచ్చిపోయినవాళ్ళ చాపలూ గుడ్డలూ ఊరి పక్కన పారే గెడ్డలోనే ఉతికారు. అందరూ తాగేదీ ఆ గెడ్డ నీళ్ళే. అంత దుఃఖంలోనూ గాసికి ఒక సంగతి తట్టింది. ముసలి బుధు ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. బుధుకి కాళ్ళు పడిపోయాయి. అతణ్ణి వదిలి గెడ్డదాకా దిగలేక కోడలు ఇంటి వెనక బండలోంచి కారే నీళ్ళే పట్టేది.

ఆ మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. రెండు వైపుల కొండవాలుల మీంచీ నీరు పాయలు పాయలుగా దిగి, పెంటకుప్పల్నీ శవాల్ని పూడ్చిన కొత్త గోతుల మట్టినీ కడుక్కుంటూ గెడ్డలో పడింది. గెడ్డ ఎర్రగా పొంగి కిందికి ఉరికింది. కింద జోడుమామిడి ఉంది. గాసి అక్క సొంబారి మెట్టిన ఊరు. అక్కడా ఇవే నీళ్ళు తాగుతారు. ఆ గెడ్డ ఇంకా దిగి గోస్తనిలో కలిసి సముద్రందాకా పోతుందంటారు. గాసికి సముద్రం సంగతి తెలీదు. అక్క కోసం అడ్డదారిన పరుగెత్తాడు. ఎంత పరుగెత్తినా నీళ్ళు అతనికంటే ముందే చేరాయి.

జోడుమామిడి దారికి అడ్డంగా ముళ్ళకంపలు పడి ఉన్నాయి. పైఊరి చావుల కబురు అప్పటికే తెలిసింది. ఊరి పూజలు చేసే దిసారి కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

“ఆడే ఆగు! రోగాల తల్లిని నెత్తినెట్టుకుని ఒచ్చినావేట్రా?”

“నాను ఊర్లోకి రాను. మా అప్ప సొంబారిని పిలండి, ఒక మాట సెప్పి ఎల్లిపోతాను.”

సొంబారి చంకలో కూతురితో వచ్చింది. తమ్ముడి ముఖం చూసి ఏడుపందుకుంది.

“అప్పా, ఏడవకు, ఇను. గెడ్డ నీల్లు తాగొద్దు. సచ్చినోల గుడ్డలన్నీ అందులోనే ఉతికినారు. అదంతా మీకాడికే దిగొచ్చినాది. ఆవలి కొండ ఊట ఉంది సూడు, అది మా వాలు నీరు కాదు. అదే మొయ్యి. నీ గుంటలిద్దరికీ అదే పొయ్యి.”

దిసారి ఉమ్మేశాడు. “పారే నీటికి మైలేటిరా? గెడ్డతల్లినే తిడతావా?”

ఎవరో రాయి విసిరారు. అది గాసి భుజానికి తగిలింది. అతను వెనక్కి తిరిగిపోయాడు.

మర్నాటి నుంచి సొంబారి కుండ పట్టుకుని ఆవలి కొండ ఎక్కింది. జారుడు దారి. ఒక్క కుండ దింపేసరికి పూట గడిచేది. మొగుడు సుక్రు విసుక్కున్నాడు, కానీ ఇంట్లో ఉన్న నీళ్ళే తాగాడు. పక్కింటావిడకి చెంబెడు ఇవ్వబోతే, “నీ తమ్ముడి మాటలు నాకొద్దమ్మా” అని తలుపేసుకుంది.

ఆ పక్కిల్లే ముందు పోయింది. ఆపైన దిసారి కొడుకు. తర్వాత ఏడవడానికి మనిషి లేని ఇళ్ళు కూడా మిగిలాయి. సొంబారి ఇంట్లో మాత్రం నలుగురికి నలుగురూ బతికే ఉన్నారు.

అందరూ చూశారు. దిసారి పైకి అనేశాడు: “సొంబారే గెడ్డలో చిల్లంగి పెట్టినాది. అందుకే అది ఆ నీల్లు ముట్టదు.”

పట్టపగలే ఆమెను వాకిట్లోకి ఈడ్చారు. “నాను సెప్పినాను కదర్రా! మీకూ తాగమన్నాను కదా!” అని ఆమె అరుస్తూనే ఉంది. ఆమె నోట ఇక చిల్లంగి మంత్రం పలక్కుండా ఉండాలని ముందుపళ్ళు రాయితో రాలగొట్టారు. సుక్రు పిల్లలిద్దరినీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. అడ్డం వెళ్ళలేదు. ఆమె నెత్తురు కక్కుతూ పిల్లల వైపు చేతులు చాస్తే, వాళ్ళను లోపలికి తీసుకుపోయాడు.

సొంబారి గెడ్డ వెంట ఎక్కి తమ్ముడి ఇంటికి చేరింది. గాసి ఆమె నోరు చూశాడు. గంజి చల్లార్చి కొంచెం కొంచెంగా పోశాడు.

చలి ముదిరాక ఒకరోజు సుక్రు వచ్చాడు. వీపున గుడ్డలో కూతురు. సగానికి చిక్కిపోయింది.

“పెంచలేను. నీ కాడే ఉంచు,” అన్నాడు.

సొంబారి అతని వెనక దారి వైపు చూసింది. “గుంటడేడీ?”

సుక్రు తల ఎత్తలేదు. “నువ్వెల్లిపోనాక ఊట కాడికి ఎవులెల్తారు?”

ఆమె గుడ్డ ముడి విప్పి పిల్లను తీసుకుంది. పిల్ల తల్లి నోటికేసి చూసి బెదిరి ఏడ్చింది. సొంబారి పెదవులు గట్టిగా మూసుకుని, పిల్ల తలను భుజానికి అదుముకుని లోపలికి పోయింది. సుక్రు కాసేపు వాకిట్లో నిలబడి, ఎవరూ పిలవకపోయేసరికి కొండ దిగిపోయాడు.