రంజిత్ పెట్టిన బొమ్మ

'బొమ్మల మాటలు' అనే వాట్సాప్ గ్రూపును మొదలుపెట్టింది షారోనే. బోధన్‌లో ఆమె, భర్త బెన్‌హర్ కలిసి ఫ్లెక్సీలు కొట్టే దుకాణం నడుపుతారు. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు, నాయకుల స్వాగతాలకు బొమ్మలు అతికించే పని. ఒకరోజు పని లేక, పాలగ్లాసు పక్కన ఒక పిట్టను పెట్టి, నిజామాబాద్‌లో తనతో డిగ్రీ చదివిన వాళ్లకు పంపింది.

"పాలపిట్ట!" అని సంజన వెంటనే జవాబు కొట్టింది.

అలా అలవాటైపోయింది. వాన, పాము పెడితే వానపాము. ముక్కు, పుడక పెడితే ముక్కుపుడక. ఎవరు బొమ్మ పెట్టినా అందరికంటే ముందు జవాబు సంజనదే. గ్రూపులో నియమం ఒక్కటే: బొమ్మల పేర్లు తెలుగులోనే కలవాలి.

రంజిత్‌కు ఆ నియమం దగ్గరే చిక్కు వచ్చింది. అతనిది నిజామాబాద్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం. బొమ్మలు సొంతంగా చేయడు, ఎక్కడో దొరికినవి తెచ్చి పెడతాడు. ఒకసారి వెన్నముద్ద పక్కన ఈగను పెట్టి, ఎవరూ చెప్పలేకపోతే, "సీతాకోకచిలుక" అని తనే జవాబు రాశాడు.

"గది ఇంగ్లీషు బొమ్మ రంజిత్," అని షారోన్ రాసింది. "వెన్న మీద ఈగ వాలితే తెలుగుల సీతాకోకచిలుక ఎట్లయితది? పారబోసుడే అయితది."

గ్రూపంతా పడీపడీ నవ్వింది. రంజిత్ కూడా నవ్వుతున్న ముఖం ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

తరువాతి వారం మధ్యాహ్నం షారోన్ ఎవరిదో పాప మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ చేస్తుండగా ఫోన్ మోగింది. రంజిత్ బొమ్మ పెట్టాడు. ఎడమవైపు ఒక గొడ్డు. కుడివైపు ఆకులు రాలుతున్న చెట్టు.

షారోన్ ఇంకా చూస్తూనే ఉంది. సంజన జవాబు వచ్చేసింది: "గొడ్రాలు!"

దాని కింద రంజిత్ రాశాడు: "కరెక్ట్. షారోన్ మేడంకు ఇంకా జల్ది రావాలె. ఆమె సొంత మాటనే గదా. ఈసారి పక్కా తెలుగే, తప్పు పట్టేటందుకు లేదు."

ఇద్దరు ముగ్గురు నవ్వు ముఖాలు పెట్టారు. ఆ తరువాత ఎవరూ ఏమీ రాయలేదు.

షారోన్‌కు చెవులు వేడెక్కాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మాట ఆమె విననిది కాదు. అత్తవైపు పెళ్లిళ్లలో విన్నది, ఆసుపత్రి వరండాలో గుసగుసగా విన్నది. కానీ తను పెట్టిన గ్రూపులో, తను నేర్పిన ఆటతో, తన మీదే బొమ్మ గీసి పంపాడు రంజిత్. అతను సొంతంగా చేసిన మొదటి బొమ్మ అది. దాన్ని సరిగ్గా చేశాడు. అదే ఆమెను ఇంకా మండించింది.

బెన్‌హర్ ఫోన్ తీసుకుని చూశాడు. "అసుంటోళ్లతోని మనకెందుకు? గ్రూపుల కెళ్లి ఎల్లిపో," అన్నాడు.

"గ్రూపు పెట్టింది నేను. నేనెందుకు పోవాలె?"

"మరి ఏం చేస్తవ్?"

షారోన్ ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి చూపించాల్సిన ఆధార్ కార్డు బ్యాగులో ఉందో లేదో చూసుకుని, నిజామాబాద్ బస్సెక్కింది. ఎడపల్లి దాటేదాకా తిట్లు కూర్చుకుంటూనే ఉంది. బస్సు దిగేసరికి అవన్నీ పోయి, ఒక్క మాటే మిగిలింది.

దుకాణంలో రంజిత్, అతని భార్య కావ్య ఉన్నారు. ఇద్దరు కుర్రాళ్లు ఫోన్ కవర్లు చూస్తున్నారు.

"అరే షారోన్! రా రా, కూసో. చాయ్ చెప్పాల్నా?" అన్నాడు రంజిత్, కుర్చీ జరుపుతూ.

"కూసునేటందుకు రాలే. బొమ్మతోని ఒక మాట అన్నవ్ గదా నన్ను. గది నోటితోని అను."

రంజిత్ నవ్వబోయాడు. "గది ఆట షారోన్. గింత సీరియస్ తీసుకుంటే ఎట్ల?"

"ఆటనే గదా. అయితే అను. నా మొఖం చూసి అను."

కుర్రాళ్లు కవర్లు పెట్టేసి ఇటు తిరిగారు. కావ్య భర్తను చూసింది. "ఏమైందక్కా? ఏం మాట?"

"మీ ఆయన్ను అడుగు. బొమ్మ గీసేటప్పుడు సిగ్గు లేదు, పేరు రాసేటప్పుడు సిగ్గు లేదు. ఇప్పుడు నోరు పెగుల్తలేదు."

రంజిత్ కౌంటర్ మీది సామాన్లు అటూ ఇటూ సర్దాడు. కావ్య చెయ్యి చాపింది. షారోన్ ఫోన్ ఇచ్చింది. కావ్య బొమ్మ చూసింది, కింద రాసింది చదివింది. ఫోన్‌ను మెల్లగా తిరిగిచ్చింది.

"గిది నువ్వే చేసినవా?" అని భర్తనడిగింది.

"మజాక్ చేసిన. నన్ను అందరి ముందల బేవకూఫ్‌ను చెయ్యలేదా ఆమె?"

"నీ బొమ్మను తప్పన్న నేను," అంది షారోన్. "నువ్వు నా కడుపునన్నవ్. రెండూ ఒక్కటేనా?"

అతను క్షమించమని అనలేదు. అక్కడే నిలబడి, అతని కళ్ల ముందే ఫోన్‌లో అతన్ని గ్రూపులోంచి తీసేసింది షారోన్. బయటికి వస్తుంటే, వెనక కావ్య గొంతు పెరగడం వినిపించింది.

తిరుగు బస్సులో సంజన ఫోన్ చేసింది.

"షారోన్, నేను బొమ్మ చూసిన, జవాబు కొట్టిన, గంతే. ఒట్టు, నీ గురించి అనుకోలే."

"సరే. మరి ఆయన నా పేరు రాసినంక చదివినవా?"

"చదివిన."

"చదివి?"

"ఏం రాయాల్నో అర్థం కాలే."

"అందరికన్న ముందుగాల జవాబులు కొడ్తవ్. గప్పుడు ఒక్క మాట దొరకలేదా నీకు? 'తప్పు రంజిత్' అని రెండు మాటలు దొరకలేదా?" పక్క సీటామె తిరిగి చూసినా షారోన్ గొంతు తగ్గించలేదు. "వాడన్నందుకు బాధ లేదు సంజనా. వాడెవ్వడు నాకు? నువ్వు సప్పుడు చెయ్యకపోతివి సూడు, గందుకు మండుతున్నది." ఫోన్ పెట్టేసింది.

మర్నాడు నవ్విన వాళ్లలో ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. షారోన్ వాళ్లను ఆపలేదు. ఆ మరుసటి సాయంత్రం సంజన గ్రూపులో రాసింది: "రంజిత్ బొమ్మ తప్పు. జవాబు కొట్టి నేను ఊకున్న, గది ఇంకా తప్పు. షారోన్, మాఫ్ చెయ్."

షారోన్ చదివి ఫోన్‌ను బెన్‌హర్ ముందు పెట్టింది.

"మాఫ్ చేసినవా?" అన్నాడు బెన్‌హర్.

"లేదు."

"మరి?"

"ఆదివారం ఇంటికి రమ్మంట. ఫోన్ల కాదు, ఎదురుంగ కూసోబెట్టి తిడ్త."

బెన్‌హర్ నవ్వాడు. షారోన్ నవ్వలేదు. సంజనకు "ఆదివారం రా" అని మాత్రం రాసి, ఆగిపోయిన ఫ్లెక్సీ పనిలో పడింది.