వెచ్చని పతకాలు

నెలకో శనివారం పొద్దున యార్క్‌లో పతకాల సంత మొదలయ్యే వేళకి లినెట్ వచ్చేసేది. పొడుగాటి బల్లల మీద ఆకుపచ్చ గుడ్డలు పరిచి వ్యాపారులు సరుకు సర్దుకుంటూ ఉండేవారు. ఫ్లాస్కుల్లోంచి టీ వంపుకుంటూ, బేకన్ పెట్టిన రొట్టె కొరుకుతూ, నోట్లో ముద్ద ఉండగానే బేరాలాడేవారు. క్రిమియా, కాబూల్, జులూలాండ్, ఫాక్‌లాండ్స్. ఇంగ్లండు రాణిగారి కోసమో రాజుగారి కోసమో ఎక్కడెక్కడికో వెళ్ళి పోట్లాడినవాళ్ళ పతకాలన్నీ ఆ ఒక్క హాల్లోనే దొరికేవి.

కొనేవాళ్ళు భూతద్దం పెట్టి ముందు చూసేది పతకం మొహాన్ని కాదు, అంచుని. సిపాయి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు ఆ అంచు మీదే చెక్కి ఉంటాయి. పేరు దొరికితే ఇక ఆరా మొదలు. ఎక్కడ పుట్టాడు, ఎవరిని చేసుకున్నాడు, ఏ కొండ మీద తూటా తగిలింది. ఆరా ఎంత పండితే పతకానికి అంత విలువ.

పతకం పొందినవాడు బతికున్నంతకాలం అది వెచ్చగా ఉంటుంది. పోయిన రోజున చల్లబడిపోతుంది. అందుకే ప్రతి బల్ల మీదా చల్లనివి ముందు వరసలో, అద్దం మూత కింద ఉండేవి. వెచ్చనివి వెనకాల పాత బిస్కట్ డబ్బాలో. వాటికి గిరాకీ తక్కువ. బతికున్నవాడి కథకి చివర ఉండదు కదా. పైగా ఎప్పుడో ఓ రోజు వచ్చి నాది నాకివ్వమంటాడేమోనని భయం.

లినెట్ ఏదీ కొనేది కాదు. డబ్బాల్లోని వెచ్చనివన్నీ ఒక్కొక్కటే తీసి అంచు చదివేది. ఆ తరవాత అద్దం మూతల దగ్గరికి వెళ్ళేది. అక్కడ చదవడానికి చాలాసేపు పట్టేది ఆమెకి.

కొడుకు కీరన్ అఫ్గానిస్తాన్ యుద్ధంలో హెల్మండ్ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు గానీ ఇంట్లో నిలవలేకపోయాడు. ఓ రోజు సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. పెద్దవాడు, తన ఇష్టంతో వెళ్ళాడు, మేమేం చేస్తామన్నారు పోలీసులు. ఇప్పుడు మావాడు కాదు అంది సైన్యం. పతకాన్ని మాత్రం ఎక్కడో అమ్మేసే ఉంటాడని లినెట్‌కి తెలుసు. అది కనబడితేనే వాడు గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాడు. అది దొరికితే చాలు. ముట్టుకుంటే తెలిసిపోతుంది.

"ఏం తల్లీ, ఈ నెల కూడా తడిమి పోవడమేనా?" అన్నాడు బార్నీ ఓల్డ్‌రాయిడ్, ఆ సంతలో అందరికంటే పాత వ్యాపారి. "నీ వేళ్ళు తగిలి నా సరుకు సిగ్గుపడుతోంది."

"సిగ్గున్న సరుకైతే నీ దగ్గరికెందుకొస్తుంది?"

బార్నీ నవ్వాడు. లోపలికొచ్చేవాళ్ళ కోట్లకి పేరు చీటీలు అంటించడం ఆ నెలే మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ ముందుకి వంగి, అంచు చదివినట్టే ఆమె చీటీ చదివాడు. నవ్వు ఆగిపోయింది.

"హార్గ్రీవ్. అఫ్గానిస్తాన్ పతకం, రిబ్బను మధ్యలో ఎర్ర పట్టీ. నా చేతి మీదుగానే పోయింది. ఎవరు నీకు?"

"కొడుకు."

"ముందే చెప్పొచ్చుగా. నువ్వూ సేకరించేదానివనుకున్నాను."

"చెబితే ధర పెంచుతావనుకున్నాను. వెచ్చగా ఉందా?"

"వెచ్చగానే ఉంది. లేకపోతే అంత చవగ్గా ఎందుకిచ్చేస్తాను?" అనేసి, చేతిలో రొట్టె పక్కన పెట్టేశాడు. గొంతు తగ్గించాడు. "మాల్టన్‌లో థర్కెల్ అని ఒకాయన. ఆ రెజిమెంటు పతకం ఏది వచ్చినా వదలడు. నేను చెప్పానని మాత్రం అనకు."

ఆ మధ్యాన్నమే లినెట్ మాల్టన్ వెళ్ళింది. సెడ్రిక్ థర్కెల్ ఒకప్పుడు పళ్ళ డాక్టరు. మర్యాదస్తుడు. టీ ఇచ్చాడు, అల్లం బిస్కట్లు పెట్టాడు. కీరన్ తల్లినని చెప్పగానే మొహం వెలిగిపోయింది.

"మీకోసం ఎంత వెతికానో. ఇల్లు మారారు కదూ? అబ్బాయి చిన్నప్పటి ఫోటో ఒకటి దొరికితే నా పని దాదాపు అయిపోయినట్టే."

పతకాలు వెనక గదిలో ఉన్నాయి. అక్కడ ఊపిరి వదిలితే పొగలా కనిపించింది.

"వేడి, తేమ పడవు వీటికి. కావాలనే ఈ గదికి హీటరు పెట్టించలేదు." తెల్లటి తొడుగులు వేసుకుని ఓ సొరుగు లాగాడు. నల్ల మఖమలు మీద పతకాలు వరసగా ఉన్నాయి. అందులోంచి ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "కొన్నప్పుడు అప్పుడే పెట్టిన గుడ్డులా ఉండేది. ఈ చలికాలంలో బాగా తగ్గింది. మార్చి దాటదేమో. బాధగానే ఉంటుందనుకోండి."

తోటలో మొక్క గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ తరవాత కీరన్ గురించి చెప్పాడు. వాడు ఏ బళ్ళో చదివాడో, ఏ కాలవ గట్టు మీద బాంబు పేలిందో, పక్కనున్న కుర్రాణ్ణి ఎంత దూరం మోసుకొచ్చాడో, ఆ కుర్రాడు మధ్యదారిలోనే పోయాడని ఎప్పుడు తెలిసిందో. ఇవేవీ లినెట్‌కి తెలియవు. కొడుకు ఆమెకి చెప్పలేదు. ఈ మనిషి ఎవరెవరినో అడిగి తెలుసుకుని, ఆమె ముందే నిలబడి అప్పజెబుతున్నాడు.

"ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా మీకు తెలుసా?"

"తెలియకేం. విథర్న్‌సీలో, సముద్రం ఒడ్డున. వేసవి సెలవులకొచ్చేవాళ్ళ క్యారవాన్ల పార్కు ఉంది. చలికాలం మూసేస్తారు గానీ కాపలావాడు చూసీ చూడనట్టు వదిలేశాడు. చివరి వరస, ఆకుపచ్చ తలుపు. క్రిస్మస్ ముందు వెళ్ళాను. కారులోంచి ఒక ఫోటో కూడా తీశాను. బాగా చిక్కిపోయాడు."

"పలకరించారా?"

"అదెలా కుదురుతుంది? ఆరా తీసేవాడు మధ్యలో వేలు పెట్టకూడదు. పెడితే కథ మారిపోతుంది."

"మారితే మీకేం నష్టం?"

లినెట్ చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. ఆమే తీసుకుంది.

మరిచిపోయిన టీలా ఉంది అది. ఇంకాసేపుంటే చల్లారిపోయేలా. అంచు చదవక్కర్లేకపోయినా చదివింది. పిడికిలి బిగించింది.

"అలా పట్టుకోకండమ్మా, చెమట అంటుతుంది. తొడుగులిస్తాను ఉండండి."

ఆమె పిడికిలి విప్పలేదు. కాసేపటికి పిడికిట్లో వేడి పెరిగింది. తన చేతి వేడి అనుకుంది మొదట. పతకాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుంది. ఆ చెయ్యి గడ్డకట్టి ఉంది. అయినా వేడి తగ్గలేదు. లోపల్నించి వస్తోంది.

లినెట్ గది చుట్టూ చూసింది. గోడ నిండా సొరుగులు.

"థర్కెల్ గారూ, ఇందులో వెచ్చగా ఉన్నప్పుడు కొన్నవెన్ని?"

"చాలానే ఉన్నాయి. కొరియా యుద్ధానికి వెళ్ళినవాళ్ళవి, ఫాక్‌లాండ్స్‌కి వెళ్ళినవాళ్ళవి. చవగ్గా వస్తాయి కదా."

"ఇప్పుడు వెచ్చగా ఉన్నవెన్ని?"

"ఇదొక్కటే. నా దగ్గరికి వచ్చాక ఏదీ ఎక్కువ కాలం..." గర్వంగానే మొదలుపెట్టాడు. సగంలో తన మాట తనకే వినపడింది. తొడుగులేసుకున్న చెయ్యి సొరుగు పిడి మీద ఆగిపోయింది.

లినెట్ పతకాన్ని స్వెటరు లోపలికి, ఒంటికి తగిలేలా దోపుకుంది.

"అది నేను కొన్నది" అన్నాడు థర్కెల్, నెమ్మదిగా.

"మీరు కొన్నది పతకం. మావాడి ఒంటి వేడి కాదు."

"పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది."

"పిలవండి. ఈ గది గురించి వాళ్ళకి ఏం చెబుతారో నేనూ కూర్చుని వింటాను."

అతను పిలవలేదు. ఆమె ముందు గదిలోకొచ్చి కోటు వేసుకుంది. తాగని టీ బల్ల మీద ఉంది.

"ఎవరూ చెప్పలేదు నాకు" అన్నాడు వెనక నుంచి. "మనిషి పోతే పతకం చల్లబడుతుందన్నారు. పతకం చల్లబడితే మనిషి పోతాడని ఎవరూ చెప్పలేదు."

"అంత ఆరా తీస్తారు కదా. ఇది తీయలేకపోయారా?"

తలుపు తనే వేసుకుని బయటికొచ్చింది.

దారి పొడుగునా కారులో హీటరు పూర్తిగా తిప్పి ఉంచింది. చెమటకి స్వెటరు వీపుకి అంటుకుపోయింది. కిటికీ మాత్రం దించలేదు. హల్ ఊరు దాటాక కోపం ఆగక కారు పక్కకి ఆపి, ఛాతీ మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని కూర్చుంది. కథట. పూర్తి కావాలట. క్యారవాన్ ముందుదాకా వెళ్ళి, ఫోటో తీసుకుని వచ్చాడట. తలుపు కొట్టడానికి ఎంతసేపు పడుతుంది మనిషికి?

విథర్న్‌సీలో సముద్రపు గాలి మొహం కోసేస్తోంది. పార్కులో క్యారవాన్లన్నిటి మీదా మంచు పేరుకుని ఉంది. చివరి వరసలో ఒకదాని చూరు మాత్రం మంచు కరిగి టపటపా కారుతోంది. ఆకుపచ్చ తలుపు బార్లా తీసి ఉంది.

మెట్టు మీద కీరన్ బనీనుతో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. భుజాల ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఓ అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

ఆమెని చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు.

"అమ్మా."

"ఊఁ."

"హీటరుకి గ్యాసైపోయి చాలా రోజులైంది. పొద్దున లేవలేకపోయాను. కాళ్ళు తెలియలేదు. ఇంక అయిపోయిందనుకుని పడుకున్నాను." చెంప మీద చెమట తుడుచుకున్నాడు. "మధ్యాన్నం నుంచి ఏంటో ఒకటే ఉక్క."

లినెట్ పక్కన కూర్చుంది. మెడ దగ్గర స్వెటరులోంచి ఎర్ర పట్టీ రిబ్బను కొస బయటికి కనిపిస్తోంది. కీరన్ దాన్ని చూశాడు. మొహం తిప్పుకున్నాడు.

"అది నాకొద్దమ్మా. కావాలనే అమ్మేశాను."

"నీకివ్వడానికి తేలేదు" అంది లినెట్. కొసని లోపలికి దోపుకుంది. "ఇది నా దగ్గరే ఉంటుంది. నువ్వు చూడక్కర్లేదు. లే, ఇంటికి పోదాం."

కోటు విప్పి వాడి భుజాల మీద వెయ్యబోయింది.

"వద్దమ్మా, ఉడికిపోతున్నా" అన్నాడు కీరన్.

"ఉడుకు" అంది.