సెయిని రాసిన వాక్యం

ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల్ని తిట్టి తిట్టి రిటైరయ్యాక కూడా నాకు బుద్ధి రాలేదు. మా రేవులో రొయ్యల పడవల మీద పనికి టోంగా దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రతి మంగళవారం మధ్యాహ్నం లైబ్రరీలో ఆ ఆడవాళ్ళకి ఇంగ్లీషు చెబుతుంటాను.

మా ఇంగ్లీషుతో ఒక తంటా ఉంది. పెద్ద మాటలు ఎవరైనా నేర్చుకుంటారు. రెండు చిట్టి మాటలు జతకట్టాయంటే మాత్రం ప్రాణం తీస్తాయి. ఆ వారం ‘కాల్ ఆఫ్’ చెప్పాను. అనుకున్నదాన్నో, మొదలుపెట్టినదాన్నో ఇక వద్దని ఆపేయడం. వానొచ్చి ఆట కాల్ ఆఫ్ చేశారు. గొడవలొచ్చి పెళ్ళి కాల్ ఆఫ్ చేశారు. మీదికొచ్చిన కుక్కని యజమాని కాల్ ఆఫ్ చేశాడు.

“ఒక్కటి గుర్తుపెట్టుకోండి,” అన్నాను. “దానంతటది ఆగిపోతే ఈ మాట వాడకూడదు. ఎవరో ఒకరు ఆపాలి. ఎవరు ఆపారో కూడా రాయండి.”

వెనక నుంచి సెయిని చెయ్యెత్తింది. “అయితే టీచరమ్మా, మా ఆయన గురక కాల్ ఆఫ్ చేయించాలంటే ఎవరికి చెప్పుకోవాలి?”

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండు రోజులకే, గురువారం పొద్దున, సెయిని మొగుడు ఫెలెతి పనిచేసే పడవ బోల్తా పడింది. పడవ యజమాని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. రొయ్యలు వేసే పెద్ద ఐస్ పెట్టెని ఫెలెతి పట్టుకుని ఉండటం చూశానని, ఆ తర్వాత కనబడలేదని చెప్పాడు.

నాలుగు రోజులు వెతికారు. రేవులో ఒక్క పడవ కూడా వేటకి పోలేదు. సెయిని ఏడవలేదు. గట్టు మీదే ఉండి, వెతికి వచ్చిన ప్రతివాడికీ కొబ్బరిపాలు పోసి ఉడికించిన చేమాకు వడ్డించింది.

ఆదివారం సాయంత్రం పోలీసు సార్జెంట్ బ్రైస్ నా దగ్గరికొచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే.

“టీచర్, మీరూ రండి. ఆమె ఊ అంటే గానీ ఆపడానికి నాకు మనసొప్పదు. ఇంకో రెండ్రోజులు వెతకమంటే వెతుకుతాం. కుర్రాళ్ళు మాత్రం నిలబడలేకపోతున్నారు.”

సెయినిని చాలా మర్యాదగా అడిగాడు. కాల్ ఆఫ్ అన్న మాటే వాడాడు. ఆమె నా వైపు చూసింది. నాలుగు రోజులుగా గట్టు మీదే తిరిగి నాకూ ఒళ్ళు హూనమై ఉంది, ఇల్లు చేరాలని ఉంది. అబద్ధం ఎందుకు? ఇంకో రెండ్రోజులు అడగొచ్చమ్మా అని చెప్పాల్సిన నోటితో, “వాళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారు సెయినీ,” అన్నాను.

ఆమె ఆ కుర్రాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసింది. కనుబొమలు పైకెత్తింది. వాళ్ళలో అవునని చెప్పడం అలాగే. తర్వాత లేచి అందరికీ టీ పోసింది.

ఆ తర్వాత రెండో సోమవారం, మడ అడవి ఒడ్డున ఐస్ పెట్టె దొరికింది. ఖాళీగా. బ్రైస్ ఫోన్ చేశాడు.

“లోపల కత్తితో గీసిన గీతలున్నాయి టీచర్. ఆరు. పెట్టెలోకి ఎక్కి, కరిగిన ఐసు నీళ్ళు తాగి బతికుంటాడు. రోజుకొకటి గీసుకున్నట్టున్నాడు. ఆమెకెలా చెప్పను?”

“చెప్పకు. నోరు మూసుకో,” అన్నాను.

మర్నాడు సెయిని క్లాసుకొచ్చింది. నడుముకి చిరుగుల పాత చాప చుట్టుకుని ఉంది. ఇంట్లో చావొస్తే వాళ్ళు అది కడతారు. ఇన్నాళ్ళూ ఎవరెంత చెప్పినా కట్టనంది. పోన్లే, గుండె రాయి చేసుకుందనుకున్నాను. అందరూ వెళ్ళేదాకా ఆగి నా బల్ల దగ్గరికొచ్చింది.

“టీచరమ్మా, ఆ ఆదివారం నేను సరేననేటప్పటికి మా ఆయన పోయాడా?”

“మొదటి రోజే పోయాడమ్మా. నీ తప్పేం లేదు.” ఎర్ర పెన్నుకి మూత పెడుతూ అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. ఆ చూపు తట్టుకోవడం నా వల్ల కాలేదు.

“పడవ ఒడ్డుకొస్తే ఆ పెట్టె కడిగేది నేనే. పడవ బోల్తా పడే ముందు రోజు, బుధవారం కూడా కడిగిచ్చాను, లోపల ఒక్క గీత లేదు. నిన్న రేవు గట్టు మీద సార్జెంటుగారు దానిమీద గుడ్డ కప్పి ఉంచారు. నేను గుడ్డ తీశాను.”

తలొంచుకుని బల్ల మీది పుస్తకాలు సర్దాను.

“వాక్యం రాసుకొచ్చాను. తప్పులుంటే దిద్దండి.”

నోటుబుక్కు నా ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలు. ‘ఫెలెతి కోసం వెతకడం సార్జెంటు కాల్ ఆఫ్ చేయలేదు. నేను చేశాను. అప్పటికి ఆయన నాలుగో గీత గీస్తున్నాడు.’

అందులో ఉన్నది ఒకటే తప్పు. ‘నేను’ అన్న మాట కొట్టేసి, అక్కడ నా పేరు రాయాలి. పెన్ను ఆ మాట మీదకి తీసుకెళ్ళాను కూడా. ఎంతసేపు అలా ఉంచానో తెలీదు.

పక్కన టిక్కు పెట్టి, “కరెక్టే,” అన్నాను.

సెయిని థ్యాంక్స్ చెప్పి, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది.