దించిన బరువు

మా ఆయన నిర్దోషి అని జడ్జిగారు తేల్చిన రోజున మా లాయరు నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. కోర్టు మెట్ల మీద నిలబెట్టి ఉచితంగా ఒక పాఠం కూడా చెప్పాడు.

“ఇంగ్లీషులో దీన్ని ఎగ్జోనరేట్ చెయ్యడం అంటారమ్మా. లాటిన్‌లోంచి వచ్చిన మాట. అసలర్థం బరువు దించడం. ఓడలోంచి సరుకు దించేస్తారు చూడు, అలాగన్నమాట. ఇవాళ మీ ఆయన మీంచి దించేశాం.”

“దించి ఎక్కడ పెట్టారండీ?” అన్నాను.

లాయరు పకపకా నవ్వాడు. నేను నిజంగానే అడిగాను.

మా ఆయన తాళాలు బాగుచేస్తాడు. కొట్లో గోడకి ఒక చెక్క, దాన్నిండా మేకులు ఉంటాయి. వీధిలో ప్రతి ఇంటి మారుతాళంచెవీ ఆ మేకులకే వేలాడేది. చెవి లోపల మరిచిపోయి తలుపు లాగేసుకున్న మహానుభావులందరూ పరిగెత్తుకొచ్చేది అక్కడికే. ఆ చెక్కంటే ఆయనకి ప్రాణం.

ఒకరోజు మూలింట్లో నగలు పోయాయి. తాళం పగల్లేదు. ఇంకేముంది, పోలీసులకి బుర్రతో పని తప్పింది, మా ఆయన మీద కేసు పెట్టేశారు. మర్నాటికల్లా మేకులన్నీ ఖాళీ. దొంగతనం సంగతి ఎవరూ ఎత్తలేదు, అంత మర్యాదస్తులు. “ఇంటికి రంగులేయిస్తున్నాం, చెవి కావాలి” అన్నారు. వీధి వీధంతా ఒక్కరోజే రంగులు.

తీరా చూస్తే నగలు తీసింది ఆ ఇంటాయన బావమరిది. తనే ఒప్పుకున్నాడు. అయినవాడు కదా, పొరపాటైందన్నారు. ఇప్పటికీ ఆ ఇంటికి భోజనానికొస్తాడు.

తీర్పు వచ్చాక వీధివాళ్లంతా మా కొట్టు దగ్గరికి వచ్చారు. “మాకు ముందే తెలుసు వదినా” అన్నారు. తెలిసినవాళ్లు ఇంతమంది ఉండగా సాక్షులకి కరువెందుకొచ్చిందో మరి. మా ఆయన మేకులు తుడిచి ఎదురుచూశాడు. ఒక్క చెవీ రాలేదు. ఆయనకి ముద్ద దిగడం మానేసింది, నాకు కడుపు మండిపోయింది.

అంతలో లాయరే కబురు పెట్టాడు. ఇంటి తాళంచెవి పారేసుకున్నాడట. మా ఆయన ఎగురుకుంటూ వెళ్లి చిటికెలో తలుపు తెరిచాడు. లాయరు మెచ్చుకోబోయి ఆగాడు.

“ఇంత తేలిగ్గా వచ్చేస్తుందా?”

“నా చేతికి వస్తుందండీ” అన్నాడు మా అమాయక చక్రవర్తి. “రెండు చెవులు చేస్తాను. ఒకటి మీకు, ఒకటి మా కొట్లో ఉంచుతాను.”

“చూద్దాంలే.”

ఈయన చూడ్డం దాకా ఆగలేదు. రెండూ చేసి, ఒకటి నడిమి మేకుకి తగిలించి, రెండోది నా చేతికిచ్చి పంపాడు. నేను వెళ్లేసరికి లాయరు గుమ్మంలో ఎవరో కొత్త తాళం బిగిస్తున్నారు.

“పాతది తుప్పు పట్టిందమ్మా” అన్నాడు లాయరు, నా మొహం చూడకుండా. కోర్టులో అంత చక్కగా వాదించిన మనిషికి ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదు పాపం.

చెవి సంచి అడుగున పడేసుకుని కొట్టుకి తిరిగొచ్చాను.

“తీసుకున్నారా?” అన్నాడు మా ఆయన.

“తీసుకున్నారు” అన్నాను.

చెక్క మీద ఆ ఒక్క చెవీ వేలాడుతోంది. ఇక అది ఏ తలుపూ తియ్యదు. దాన్ని చూసుకుంటూ ఆయన ఆ పూట అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.